ఎస్‌క్యూలైట్‌లో కోట్ల వరుసల తొలగింపు: ఆలస్యం ఎక్కడ జరుగుతోంది, ఏ మార్గం ఎంచుకోవాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. సెన్సర్ల రీడింగులను దాచే ఒక ఎస్‌క్యూలైట్ (డేటాబేస్ మొత్తాన్ని ఒకే ఫైలులో ఉంచే సాఫ్ట్‌వేర్) ఫైలులో సుమారు 30 కోట్ల వరుసలున్న టేబుల్ ఉంది. ప్రతి వరుసలోనూ ఒక యూయూఐడీ (ఆ వరుసకే ప్రత్యేకమైన గుర్తింపు, అక్షరాల రూపంలో), పరికరం సంఖ్య, నమోదైన సమయం, రీడింగు విలువ ఉన్నాయి. యూయూఐడీ మీద యునీక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న) నిబంధన, మిగిలిన మూడింటి మీద మూడు ఇండెక్సులు (వేగంగా వెతకడానికి విలువల క్రమంలో ఉంచే జాబితాలు) ఉన్నాయి. పాత వరుసలను, అంటే మొత్తంలో సగానికి పైగా, తీసేయాలి. సమయం ఫలానా తేదీకి ముందుది అయితే తొలగించు అని ఒకే డిలీట్ వాక్యం నడిపితే గంటలు గడిచినా పూర్తి కావడం లేదు. ఈలోగా ఇతర ప్రోగ్రాములకు ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అన్న దోషం వస్తోంది. సమయం మీద ఇండెక్స్ పెట్టినా వేగం పెరగలేదని చెప్పి, పేజీ (ఫైలును ఎస్‌క్యూలైట్ చదివి, రాసే ముక్క) పరిమాణం పెంచితే ప్రయోజనం ఉంటుందా అని అడిగారు.

పేజీ పరిమాణం పెంచడం వల్ల మీ సమస్య తీరదు. సమయం మీద పెట్టిన ఇండెక్స్ ఎందుకు పని చేయలేదో అర్థమైతే, పేజీ పరిమాణం ఎందుకు పనికిరాదో కూడా దానితోనే తెలుస్తుంది. తొలగించవలసిన వరుసలను వెతకడానికి పట్టే సమయం మీ సందర్భంలో చాలా తక్కువ. సగానికి పైగా వరుసలు పోతున్నప్పుడు టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒకసారి చదివినా పెద్ద నష్టం లేదు. ఖర్చంతా దొరికిన వరుసను ఫైలులోని అన్ని చోట్ల నుంచీ తీసేయడంలో ఉంది.

ఎస్‌క్యూలైట్‌లో టేబుల్ అంటే రోఐడీ (ప్రతి వరుసకూ ఉండే అంతర్గత సంఖ్య) క్రమంలో పేర్చిన ఒక బీ-ట్రీ, అంటే చెట్టులా కొమ్మలుగా చీలే పేజీల అమరిక. ప్రతి ఇండెక్సూ విడిగా మరొక బీ-ట్రీ. ఒక వరుసను తొలగించాలంటే ముందు ఆ వరుసను చదివి, అందులోని విలువలతో ప్రతి ఇండెక్స్‌కూ కావలసిన కీని తయారు చేసి, ఆ ఇండెక్స్ ట్రీలోకి పై నుంచి దిగి, సరైన పేజీలో ఆ నమోదును తీసేసి, చివరికి టేబుల్‌లోని వరుసను తీసేయాలి. యునీక్ నిబంధన వల్ల పుట్టినదానితో కలిపి మీకు నాలుగు ఇండెక్సులున్నాయి కనుక ఒక్క వరుస పోవడానికి ఐదు ట్రీలలో పని జరుగుతుంది. సమయం మీద మీరు పెట్టిన ఇండెక్స్ వెతుకులాటను తగ్గించింది కానీ, ఖాళీ చేయవలసిన ట్రీలలో తాను కూడా ఒకటిగా చేరింది.

అయితే ఈ ట్రీలన్నీ సమానమైన భారం కావు; ఈ తేడాను గమనించకుండా ఇచ్చే సలహాలు చాలా కనిపిస్తాయి కనుక కాస్త వివరంగా చెబుతాను. రీడింగులు వచ్చిన క్రమంలోనే చేరాయి కాబట్టి టేబుల్‌లో పాత వరుసలన్నీ ఒకే వైపు, పక్కపక్కనే ఉంటాయి. సమయం ఇండెక్స్‌లో కూడా అంతే. పరికరం సంఖ్య ఇండెక్స్‌లో ఒకే సంఖ్య గల నమోదులు రోఐడీ క్రమంలో ఉంటాయి కనుక, ప్రతి పరికరం భాగంలోనూ పాతవి మొదట్లోనే గుంపుగా ఉంటాయి. పరికరాలు కొన్ని వందలే అయితే అదీ సులభమే. అసలు భారం యూయూఐడీ ఇండెక్స్‌ది. యాదృచ్ఛికంగా పుట్టిన యూయూఐడీలకు కాలక్రమంతో సంబంధం లేదు. నిన్నటి వరుస, మూడేళ్ల నాటి వరుస ఒకే పేజీలో పక్కపక్కన ఉండవచ్చు. వరుసగా తొలగిస్తున్న రెండు వరుసల యూయూఐడీలు ఫైలు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఉండవచ్చు. విలువ మీది ఇండెక్స్ కూడా రీడింగుల స్వభావాన్ని బట్టి కొంతవరకు ఇలాగే ప్రవర్తిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 36 అక్షరాల యూయూఐడీకి రోఐడీ, రికార్డు హెడర్, సెల్ పాయింటర్ కలుపుకుంటే ఒక్కో నమోదు సుమారు 46 బైట్లు పడుతుంది. 30 కోట్ల నమోదులకు ఇది దాదాపు 1,380 కోట్ల బైట్లు. 4,096 బైట్ల పేజీలు పూర్తిగా నిండి ఉన్నాయనుకున్నా 33 లక్షల పేజీలకు పైనే అవుతుంది. యాదృచ్ఛిక క్రమంలో చేరిన ఇండెక్స్‌లో పేజీలు అంత నిండుగా ఉండవు కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువ. మరోవైపు, 2016లో వచ్చిన 3.12.0 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్ పేజీ క్యాష్ (పేజీలను జ్ఞాపకంలో ఉంచే చోటు) అప్రమేయ పరిమాణం, అంటే మీరు మార్చకపోతే ఉండేది, 2,000 కిలోబైట్లే. అంటే ఒకసారికి జ్ఞాపకంలో ఉండేవి దాదాపు 500 పేజీలు. 33 లక్షల పేజీలలో ఎక్కడ పడితే అక్కడ పని పడుతుంటే, ప్రతి తొలగింపుకూ కావలసిన పేజీ క్యాష్‌లో లేకపోవడమే సాధారణం. ఆ పేజీని చదవాలి, దాని పాత రూపాన్ని రోల్‌బ్యాక్ జర్నల్‌లో (మార్పును వెనక్కి తీసుకోవడానికి ఉంచే పక్క ఫైలులో) రాయాలి, మార్పు చేయాలి, క్యాష్‌లో చోటు కోసం త్వరలోనే దానిని ఫైలులోకి రాసి పంపేయాలి, మళ్లీ అదే పేజీలో మరో వరుసను తొలగించవలసి వస్తే తిరిగి చదవాలి. పేజీని పెద్దది చేస్తే, 46 బైట్ల తొలగింపు కోసం చదివి రాసే బైట్లు ఇంకా పెరుగుతాయి. మీకు గంటలు పట్టడానికి కారణం ఇదే.

లాక్ దోషం కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. రోల్‌బ్యాక్ జర్నల్ మోడ్‌లో రాసే ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా జరిగే మార్పుల గుంపు) మామూలుగా కమిట్ వేళ, అంటే మార్పులను ఖాయం చేసేటప్పుడు మాత్రమే ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఇతరులెవరినీ రానివ్వని తాళం) కోరుతుంది. కానీ మారిన పేజీలతో క్యాష్ నిండిపోతే వాటిని మధ్యలోనే ఫైలులోకి రాయవలసి వస్తుంది, అందుకు అప్పుడే ఎక్స్‌క్లూజివ్ లాక్ తీసుకుని ట్రాన్సాక్షన్ ముగిసే వరకు వదలదు. అప్పటి నుంచి రాసేవారికే కాదు, చదివేవారికి కూడా దారి ఉండదు.

ఉపాయాల జోలికి వెళ్లే ముందు రెండు విషయాలు పరీక్షించండి, ఎందుకంటే వీటిలో ఏది ఉన్నా మిగిలిన శ్రమంతా వృథా. మొదటిది ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్ (చైల్డ్) వరుస మరో టేబుల్ (పేరెంట్) వరుసను సూచించే నిబంధన. ఈ టేబుల్‌ను సూచించే చైల్డ్ టేబుల్ ఏదైనా ఉండి, ఫారిన్ కీల అమలు ఆన్‌లో ఉంటే, ఇక్కడ పోయే ప్రతి వరుసకూ ‘దీనిని సూచించే వరుస చైల్డ్‌లో ఉందా’ అని ఎస్‌క్యూలైట్ వెతకాలి. చైల్డ్ వైపు ఆ కాలమ్ మీద ఇండెక్స్ తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది పెట్టరు. అప్పుడు తొలగించే ప్రతి వరుసకూ చైల్డ్ టేబుల్ మొత్తం ఒకసారి చదవబడుతుంది. ఇలాంటి ఇండెక్సులు ఎక్కడ లోపించాయో చూపడానికి ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్ షెల్‌లో ‘లింట్’ అనే డాట్ కమాండ్ ఉంది; దానికి ‘ఎఫ్‌కీ ఇండెక్సెస్’ అనే ఆప్షన్ ఇస్తే అవసరమైన క్రియేట్ ఇండెక్స్ వాక్యాలను అదే రాసి ఇస్తుంది. రెండవది ట్రిగ్గర్లు, అంటే వరుస మారినప్పుడు వాటంతట అవే నడిచే ఆదేశాలు. తొలగింపు ట్రిగ్గర్ ప్రతి వరుసకూ ఒకసారి నడుస్తుంది. ఆడిట్ టేబుల్‌లో నకలు రాసే ట్రిగ్గర్, లేదా పాఠ్య శోధన టేబుల్‌ను సరిచేసే ట్రిగ్గర్ ఉంటే మీ తొలగింపు ఖర్చు కన్నా దాని ఖర్చే ఎక్కువ కావచ్చు.

ఇక మార్గం ఎంచుకోవాలి. పోయేవి ఎన్ని అని కాక, మిగిలేవి ఎన్ని అని మొదట చూడాలన్నది నా దృఢమైన అభిప్రాయం. మొత్తం పోవలసి ఉంటే, వేర్ షరతు లేని డిలీట్ వాక్యాన్ని ఎస్‌క్యూలైట్ ప్రత్యేకంగా చూస్తుంది: ట్రిగ్గర్లు, రిటర్నింగ్ (తొలగిన వరుసలను తిరిగి చూపే భాగం) లేకపోతే వరుసలను ఒక్కొక్కటిగా తాకకుండా పేజీలను మొత్తంగా ఖాళీ జాబితాకు చేరుస్తుంది. అన్ని వరుసలకూ నిజమయ్యే షరతు ఒకటి చేర్చి రాస్తే ఈ లాభం పోతుంది. మీలాగా సగమో అంతకన్నా ఎక్కువో పోతుంటే, పాతవి తొలగించడం మాని, ఉంచవలసిన వాటిని కొత్త చోటికి నకలు చేయడం మేలు. కొద్ది శాతమే పోతుంటేనో, ప్రోగ్రామును ఆపడానికి వీలే లేకపోతేనో విడతలుగా తొలగించాలి.

నకలు పద్ధతిని మీకు సూచిస్తున్నాను కనుక దానిని పూర్తిగా చెబుతాను. ప్రోగ్రామును కొంతసేపు ఆపగలిగితే కొత్త ఫైలులోకే నకలు చేయడం ఉత్తమం, ఎందుకంటే ఫలితం బిగుతుగా ఉంటుంది, తరువాత వ్యాక్యూమ్ (ఖాళీ చోటు తీసేసి ఫైలును తిరిగి రాయడం) అవసరం ఉండదు, ఏది వికటించినా పాత ఫైలు చెక్కుచెదరదు. పాత ఫైలును తెరిచి, కొత్త ఖాళీ ఫైలును అటాచ్ చేయండి (అదే కనెక్షన్‌కు కలపండి). కొత్త ఫైలుకు మాత్రమే జర్నల్ మోడ్‌ను ఆఫ్‌గా, సింక్రనస్‌ను (రాసినది డిస్కుకు చేరే వరకు ఆగే అమరికను) ఆఫ్‌గా పెట్టండి. మధ్యలో కరెంటు పోతే కొత్త ఫైలు పాడవుతుంది, దానిని చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇదే అమరికను వాడుకలో ఉన్న అసలు ఫైలు మీద పెట్టమని ఎవరు చెప్పినా వినకండి. జర్నల్ లేని ట్రాన్సాక్షన్ మధ్యలో ప్రోగ్రాము ఆగిపోతే ఆ ఫైలు చెడిపోవడానికే అవకాశం ఎక్కువ, వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు.

కొత్త ఫైలులో టేబుల్‌ను సృష్టించేటప్పుడు ఒక సూక్ష్మం ఉంది. క్రియేట్ టేబుల్ వాక్యంలోనే యూయూఐడీకి యునీక్ అని రాస్తే, దానికి ఒక ఇండెక్స్ వెంటనే పుడుతుంది. అప్పుడు నకలు చేసే ప్రతి వరుసా ఆ ఇండెక్స్‌లో యాదృచ్ఛిక చోట చేరుతూ, తొలగింపులో పడిన బాధే చేర్పులోనూ పడతారు. కాబట్టి టేబుల్‌ను యునీక్ లేకుండా సృష్టించి, ఉంచవలసిన వరుసలను రోఐడీ క్రమంలో ఇన్సర్ట్-సెలెక్ట్‌తో నింపి, ఆ తరువాతే యునీక్ ఇండెక్స్‌ను విడి వాక్యంతో నిర్మించండి. నిండిన టేబుల్ మీద ఇండెక్స్ నిర్మించేటప్పుడు ఎస్‌క్యూలైట్ కీలన్నిటినీ ముందు సార్ట్ చేసి, ట్రీని క్రమంగా ఒక చివర నుంచి నింపుకుంటూ పోతుంది. యాదృచ్ఛిక రాతలు వరుస రాతలుగా మారతాయి. సార్ట్ కోసం తాత్కాలిక ఫైళ్లకు డిస్కులో చోటు ఉండాలని మాత్రం గుర్తుంచుకోండి. విడిగా నిర్మించిన యునీక్ ఇండెక్స్ కూడా ఫారిన్ కీకి పేరెంట్ కీగా చెల్లుతుంది కనుక ఏమీ కోల్పోరు. అవకాశం ఉంటే యూయూఐడీని ఈ సందర్భంలోనే 16 బైట్ల బ్లాబ్‌గా (అక్షరాలుగా కాక ముడి బైట్లుగా) మార్చేయండి. నమోదు 46 బైట్ల నుంచి సుమారు 26కు దిగుతుంది, టేబుల్‌లో కూడా అదే మేర మిగులుతుంది. ప్రోగ్రాములో చదివే, రాసే చోట్ల మార్పు చేయవలసి ఉంటుంది నిజమే, కానీ ఇంత పెద్ద ఫైలుకు ఆ శ్రమ తగినదే.

చేత్తో నకలు చేసినప్పుడు కొన్ని చిన్న విషయాలు వాటంతట అవి రావు: యూజర్ వెర్షన్ సంఖ్య, అప్లికేషన్ ఐడీ (ప్రోగ్రాము ఫైలులో రాసుకునే గుర్తులు), వ్యూలు (టేబుల్‌లా కనిపించే, దాచి ఉంచిన ప్రశ్నలు), ట్రిగ్గర్లు. వీటిని మీరే తిరిగి పెట్టాలి. రోఐడీని ఇంటిజర్ ప్రైమరీ కీగా ప్రకటించకపోతే నకలులో ఆ సంఖ్యలు మారిపోతాయి; వ్యాక్యూమ్‌లోనూ మారవచ్చు. వేరే చోట ఆ సంఖ్యలను దాచుకుని ఉంటే ఇది చాలా ముఖ్యం. చివరగా ఇంటెగ్రిటీ చెక్, ఫారిన్ కీ చెక్ నడిపి, కొత్త ఫైలును తిరిగి మీ మామూలు జర్నల్ మోడ్‌కు తెచ్చి, పాత ఫైలును తెరిచిన కనెక్షన్లన్నీ మూసిన తరువాతే పేర్లు మార్చండి. పాత ఫైలుకు చెందిన జర్నల్ గానీ వాల్ (మార్పులను ముందుగా రాసే లాగ్) ఫైలు గానీ పక్కనే మిగిలిపోయి, అదే పేరుతో కొత్త ఫైలు వచ్చి చేరితే, ఎస్‌క్యూలైట్ దానిని కొత్త ఫైలుదే అనుకుని తెరవగానే కొత్త ఫైలును పాడుచేయగలదు.

ఒకే ఫైలులో చేయక తప్పకపోతే క్రమం ముఖ్యం. ఫారిన్ కీల అమలును ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకముందే ఆపాలి, మొదలైన తరువాత ఆ ప్రాగ్మాకు (అమరికను మార్చే ఆదేశానికి) ఏ ప్రభావమూ ఉండదు. తరువాత కొత్త పేరుతో టేబుల్ సృష్టించి, నింపి, పాతదానిని డ్రాప్ చేసి, కొత్తదానికి పాత పేరు పెట్టి, ఇండెక్సులు నిర్మించాలి. ముందుగా పాత టేబుల్ పేరు మార్చి ఆ తరువాత కొత్తది సృష్టించే పద్ధతి సహజంగా తోస్తుంది గానీ, ఇతర టేబుళ్ల ఫారిన్ కీలు, ట్రిగ్గర్లు, వ్యూలు ఆ మారిన పేరు వెంట వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఫారిన్ కీలు ఆన్‌లో ఉండగా డ్రాప్ టేబుల్ చేస్తే ముందు వరుసలన్నిటి మీద అంతర్గతంగా డిలీట్ నడుస్తుందని కూడా తెలుసుకోండి. ‘డ్రాప్ కూడా నెమ్మదిగానే ఉంది’ అనే ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం.

ప్రోగ్రామును ఆపే వీలే లేకపోతే విడతల తొలగింపు ఒక్కటే దారి. అయితే దీని గురించి ఒక అపోహ ఉంది. విడతలు చేస్తే మొత్తం పని తగ్గదు. ఒకే ఇండెక్స్ పేజీ అనేక విడతలలో మళ్లీ మళ్లీ రాయబడుతుంది కనుక పెరుగుతుంది కూడా. తగ్గేది లాక్ పట్టి ఉంచే వ్యవధి, జర్నల్ పరిమాణం, మధ్యలో ఆగితే జరిగే నష్టం. డిలీట్ వాక్యానికి నేరుగా లిమిట్ ఇవ్వడం ప్రత్యేక ఆప్షన్‌తో కంపైల్ చేసిన ఎస్‌క్యూలైట్‌లోనే పని చేస్తుంది. లేనిచోట, షరతుకు సరిపోయే రోఐడీలను లిమిట్‌తో ఎంచే ఉపప్రశ్నను వేర్‌లో పెట్టండి. మీ టేబుల్‌లో పాతవి ఒక వైపే ఉన్నాయి కనుక అంతకన్నా సులభమైనది రోఐడీ పరిధి: ఇక్కడి నుంచి ఇక్కడి వరకు అని హద్దులు ఇచ్చి, హద్దును జరుపుకుంటూ వెళ్లండి.

విడతకు ఎన్ని వరుసలు అనే దానికి సార్వత్రికమైన అంకె లేదు. మిగతా ప్రోగ్రాములు ఎంతసేపు ఆగగలవో దానిని బట్టి నిర్ణయించండి. 5,000తో మొదలుపెట్టి, ఒక విడతకు పట్టిన సమయాన్ని కొలిచి, అది మీ హద్దు లోపల ఉండేలా తదుపరి విడతను ప్రోగ్రామే పెంచేలా, తగ్గించేలా రాయడం మంచిది. విడతల మధ్య చిన్న విరామం ఇవ్వండి, లేకపోతే లాక్ వదిలిన మరుక్షణమే మీరే మళ్లీ పట్టుకుంటారు. ప్రతి విడతనూ బిగిన్ ఇమ్మీడియట్‌తో (రాసే లాక్‌ను మొదట్లోనే తీసుకునే ఆదేశంతో) ప్రారంభించి, అన్ని కనెక్షన్లకూ బిజీ టైమౌట్ (లాక్ కోసం ఆగే గడువు) పెట్టండి.

ఈ పద్ధతికి రైట్-అహెడ్ లాగ్, అంటే వాల్ మోడ్ చాలా అనుకూలం, అందులో చదివేవారికి అడ్డు ఉండదు. వాల్ మోడ్‌లో సింక్రనస్‌ను నార్మల్‌గా పెడితే ప్రతి కమిట్‌కూ డిస్కు సింక్ జరగదు, చెక్‌పాయింట్ వేళ, అంటే వాల్‌లోని మార్పులు అసలు ఫైలులోకి చేరేటప్పుడు మాత్రమే జరుగుతుంది. హఠాత్తుగా కరెంటు పోతే చివరి కొన్ని కమిట్లు పోవచ్చు, ఫైలు మాత్రం చెడదు. పోయినవి తొలగింపులే అయితే వాటిని మళ్లీ చేయవచ్చు. కానీ అదే కనెక్షన్ మీద రీడింగులను కూడా రాస్తుంటే ఈ సడలింపు వాటికీ వర్తిస్తుంది, ఆలోచించి చేయండి. చాలాసేపు తెరిచి ఉంచిన రీడ్ ట్రాన్సాక్షన్ ఏదైనా ఉంటే చెక్‌పాయింట్ పూర్తికాక వాల్ ఫైలు పెరుగుతూనే ఉంటుంది. విడతలు మొదలుపెట్టే ముందు అలాంటివి లేకుండా చూసుకోండి.

విడతల పద్ధతిలో క్యాష్ పెంచడం నిజంగా తేడా చూపుతుంది. క్యాష్ సైజ్ ప్రాగ్మాకు రుణ (మైనస్) సంఖ్య ఇస్తే అది కిలోబైట్లుగా లెక్క. రుణ 10,00,000 ఇస్తే దాదాపు ఒక గిగాబైటు. ఇది ఆ కనెక్షన్‌కు మాత్రమే, అది తెరిచి ఉన్నంత వరకే వర్తిస్తుంది కనుక ప్రతిసారీ చెప్పాలి. విలువ మీది ఇండెక్స్‌ను కొంతకాలం ఎవరూ వాడకుండా ఉండగలిగితే దానిని డ్రాప్ చేసి, తొలగింపు అయ్యాక తిరిగి నిర్మించండి. యూయూఐడీ ఇండెక్స్ యునీక్ నిబంధన వల్ల పుట్టింది కాబట్టి దానిని డ్రాప్ చేయడానికి ఎస్‌క్యూలైట్ ఒప్పుకోదు. నకలు పద్ధతిని సూచించడానికి ఇది మరో కారణం. సెక్యూర్ డిలీట్ ప్రాగ్మా విలువ కూడా ఒకసారి చూడండి. అది ఆన్‌లో ఉంటే ఖాళీ అయిన చోటును సున్నాలతో నింపి రాస్తుంది. రహస్య సమాచారం కాకపోతే, తొలగించే కనెక్షన్‌లో దానిని ఆపవచ్చు.

తొలగింపు ముగిశాక ఫైలు పరిమాణం తగ్గలేదని కంగారు పడకండి. ఖాళీ అయిన పేజీలు ఫైలులోనే ఉండి, కొత్త రీడింగులకు వాడబడతాయి. రోజూ కొత్తవి వచ్చే మీ ఫైలుకు వ్యాక్యూమ్ అవసరమని నేను అనుకోను. డిస్కులో చోటు నిజంగా కావాలంటే మాత్రం, వ్యాక్యూమ్ నడిచేటప్పుడు ఫైలు పరిమాణానికి రెండింతల వరకు ఖాళీ చోటు అవసరం కావచ్చని, ఆ సేపు ఎవరూ రాయలేరని దృష్టిలో పెట్టుకోండి. ఇంక్రిమెంటల్ ఆటో వ్యాక్యూమ్ ఉంటే కొన్ని పేజీల చొప్పున ఫైలును కుదించవచ్చు, కానీ దానిని టేబుళ్లు సృష్టించక ముందే ఎంచుకోవాలి. తరువాత పెడితే ఒకసారి పూర్తి వ్యాక్యూమ్ చేస్తేనే అమలులోకి వస్తుంది.

ఎలాగూ టేబుల్‌ను ఒకసారి తిరిగి నిర్మిస్తున్నారు కనుక, వచ్చే ఏడాది ఇదే పని మళ్లీ పడకుండా నెలకో టేబుల్ పెట్టడం గురించి ఆలోచించండి. గడువు తీరిన నెలను డ్రాప్ చేస్తే పేజీలు వరుసల లెక్కన కాక పేజీల లెక్కన విడుదలవుతాయి, వచ్చే నెల టేబుల్ ఆ చోటునే వాడుకుంటుంది. చదివేవారికి అన్ని నెలలనూ యూనియన్ ఆల్‌తో కలిపిన వ్యూ ఒకటి ఇచ్చి, నెల మారినప్పుడల్లా దానిని తిరిగి రాస్తే సరిపోతుంది. నెలకో ఫైలు పెట్టి అటాచ్ చేసే పద్ధతి కూడా ఉంది, అప్పుడు తొలగింపు అంటే ఫైలును చెరపడమే. అయితే అటాచ్ చేయగల ఫైళ్లు మామూలుగా 10, కంపైల్ వేళ పెంచినా 125కు మించవు, ఫారిన్ కీలు ఫైళ్ల మధ్య పని చేయవు, వాల్ మోడ్‌లో అనేక ఫైళ్లను తాకే ట్రాన్సాక్షన్ మధ్యలో యంత్రం ఆగిపోతే కొన్ని ఫైళ్లలో మార్పు ఉండి, కొన్నింటిలో లేకపోవచ్చు. అందుకే మీకు ఒకే ఫైలులో నెలవారీ టేబుళ్లనే సూచిస్తాను. ఇందులో మీరు వదులుకునేది ఒకటుంది: యూయూఐడీ అన్ని నెలల మీదా ఒక్కసారే ఉండాలన్న హామీని డేటాబేస్ ఇవ్వలేదు, ఒక నెల లోపలే ఇవ్వగలదు. ఒకే రీడింగు రెండుసార్లు వచ్చినప్పుడు దానిలోని సమయం మారకపోతే రెండూ ఒకే నెల టేబుల్‌కు చేరతాయి కనుక, మీ సెన్సర్లు మళ్లీ పంపేటప్పుడు మొదటి సమయాన్నే పంపుతాయో లేదో ముందు నిర్ధారించుకోండి.